1/35 స్కేల్ టి-34-85 ట్యాంకు మోడల్‌కు షేడింగ్, వెదరింగ్: ప్రైమర్ నుంచి చివరి దుమ్ము పొర వరకు

కిట్‌ను శుభ్రంగా అతికించి, ఆకుపచ్చ రంగును సమంగా వేసిన తరువాత కూడా ట్యాంకు ప్లాస్టిక్ ముక్కలాగే ఎందుకు కనబడుతున్నదని, వెదరింగ్ (వాడకంతో వచ్చే మురికి, అరుగుదల, మరకలను రంగులతో చూపడం) మొదలుపెట్టగానే మోడల్ అంతా ఒకే మురికి రంగులోకి ఎందుకు మారిపోతున్నదని చాలామంది పాఠకులు అడుగుతున్నారు. రెండింటికీ కారణం ఒక్కటే. వాష్ (సందుల్లోకి దిగే పలుచని రంగు), చిప్పింగ్ (రంగు పెచ్చులూడినట్టు చూపడం), పిగ్మెంట్ (దుమ్ము, బురదల కోసం వాడే రంగు పొడి) వంటి పద్ధతుల పేర్లు అందరికీ తెలుసు గాని, వాటిని ఏ వరుసలో, ఏ ద్రావకంతో, ఎంత మోతాదులో వాడాలన్నది ఎవరూ ఓపికగా చెప్పరు. ఈ మార్గదర్శి ఆ వరుస గురించే.

ఉదాహరణగా రెండవ ప్రపంచ యుద్ధకాలపు సోవియట్ ట్యాంకు టి-34-85ను తీసుకున్నాను. దీనికి మభ్యపెట్టే చారలు సాధారణంగా ఉండవు. 4బీవో అనే ఒకే ఒక్క ఆకుపచ్చ రంగు ఉంటుంది. అందువల్ల కంటికి కనబడే వైవిధ్యమంతా షేడింగ్ (రంగుతో వెలుగునీడలు వేయడం), వెదరింగ్‌ల నుంచే రావాలి. ఇది కుదిరితే ఏ ట్యాంకైనా కుదురుతుంది.

## 1. రంగు ముట్టుకునే ముందు తేల్చుకోవలసినవి

మీ ట్యాంకు ఎక్కడ, ఏ ఋతువులో ఉన్నదో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. 1944 వేసవిలో బెలారూస్‌లో కదిలిన ట్యాంకు మీద లేత ఇసుక రంగు దుమ్ము, చిత్తడి నేలల నల్లని బురద కనబడాలి. ఉక్రెయిన్ నల్లరేగడిలో నడిచినదైతే బురద దాదాపు నల్లగా ఉండాలి. 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ వీధుల్లో ఉన్నదైతే కూలిన గోడల బూడిద రంగు, ఇటుక పొడి ఎక్కువగా ఉండాలి. టరెట్ (ఫిరంగి ఉండి తిరిగే పైభాగం) చుట్టూ తెల్లని పట్టీ కూడా రావచ్చు. ఈ మార్గదర్శిలో మొదటిదాన్నే అనుసరిస్తాను.

రెండవది కొలత. 1/35 స్కేల్‌లో మోడల్ మీది 1 మి.మీ. అసలు ట్యాంకు మీద 3.5 సెం.మీ. అవుతుంది. అంటే మీరు కుంచెతో పెట్టిన 1 మి.మీ. రంగు పెచ్చు, నిజానికి రెండు వేళ్ల వెడల్పున ఊడిపోయిన రంగు. మామూలు గీతలాగా కనబడాలంటే అది 0.3 మి.మీ. లోపు ఉండాలి. వెదరింగ్ అతిగా కనబడే మోడళ్లలో చాలావాటికి రంగు ఎంపిక తప్పు కాదు, ఈ కొలతే తప్పు.

దగ్గర ఉంచుకోవలసినవి:

- 0.3 మి.మీ. నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్, గాలి ఒత్తిడి తగ్గించుకోగల కంప్రెసర్
- బూడిద రంగు ప్రైమర్ (అన్నిటికంటే ముందు వేసే పట్టు పూత)
- 4బీవో ఆకుపచ్చ, బఫ్ (లేత ఇసుక రంగు), ముదురు పసుపు, నలుపు, ముదురు గోధుమ ఆక్రిలిక్ రంగులు
- గ్లాస్ (మెరిసే), శాటిన్ (కొద్దిగా మెరిసే), మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌లు
- చిత్రకారులు వాడే ఆయిల్ రంగులు: బర్న్‌ట్ అంబర్, రా అంబర్, బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, టైటానియం వైట్, నలుపు
- వాసన తక్కువగా ఉండే వైట్ స్పిరిట్
- లేత, ముదురు మట్టి రంగుల పిగ్మెంట్ పొడులు
- సన్న మొన ఉన్న 0, 00 నంబరు కుంచెలు, ఒక చదునైన మెత్తని కుంచె, చిన్న స్పాంజి ముక్కలు
- ద్రావకాల ఆవిరిని ఆపే కార్బన్ ఫిల్టర్ మాస్కు. మామూలు దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు

పిగ్మెంట్ పొడులు దొరకని చోట మెత్తని పాస్టెల్ కడ్డీలను ఉప్పు కాగితం మీద అరగదీసిన పొడి చక్కగా పనిచేస్తుంది. ఆయిల్ రంగులకు ఖరీదైన మోడలింగ్ కంపెనీ పేరు అవసరం లేదు. చిత్రకళా సామగ్రి దుకాణంలో దొరికే ట్యూబులు చాలు. రంగుల దుకాణంలో విడిగా అమ్మే టర్పెంటైన్‌ను మాత్రం కిట్ ఫ్రేమ్ (విడిభాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద పరీక్షించకుండా వాడవద్దు.

## 2. ద్రావకాల వరుస: మొత్తం పనికి పునాది

పై పొరలోని ద్రావకం కింది పొరను కరిగించకూడదు. మిగతా నియమాలన్నీ దీని నుంచే పుడతాయి.

ప్రైమర్, మూల రంగు లాకర్ (ఘాటైన ద్రావకంతో త్వరగా ఆరే రంగు) లేదా ఆక్రిలిక్ అయి ఉండాలి. వాష్, ఫిల్టర్, మరకల వంటివి ఆయిల్ లేదా ఎనామెల్‌తో, వైట్ స్పిరిట్‌లో పలుచన చేసి వేయాలి. ఆరిన ఆక్రిలిక్‌ను వైట్ స్పిరిట్ కరిగించదు కాబట్టి, నచ్చని వాష్‌ను తుడిచివేసినా కింది ఆకుపచ్చ చెక్కుచెదరదు. అదే తామియా కంపెనీ ఆక్రిలిక్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పడితే రంగు లేచిపోతుంది.

దీని ప్రకారం పని వరుస ఇలా ఉంటుంది: ప్రైమర్, నీడ పొర, మూల రంగు, లేత పొరలు, గ్లాస్ వార్నిష్, నంబర్లు, శాటిన్ వార్నిష్, ఆక్రిలిక్ చిప్పింగ్, మళ్లీ పలుచని శాటిన్, ఫిల్టర్, వాష్, ఆయిల్ చుక్కలు, జారిన మరకలు, మ్యాట్ వార్నిష్, దుమ్ము, బురద, చివరగా డీజిల్ మరకలు. చిప్పింగ్‌ను చివర్లో వేసేవారు ఉన్నారు. నేను ముందే వేయమంటాను, ఎందుకంటే తరువాత వచ్చే వాష్, దుమ్ము ఆ పెచ్చుల మీద కూడా పడి, వాటిని మిగతా ఉపరితలంతో కలిపివేస్తాయి.

## 3. కడగడం, ప్రైమర్

అతికించిన మోడల్‌ను గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెల సబ్బు వేసి, మెత్తని బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. చేతి జిడ్డు ఉన్న చోట రంగు నిలవదు. చక్రాలు, ట్రాక్‌లు (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టీలు) విడిగా ఉంచండి. వాటిని అతికించేస్తే హల్ (టరెట్ కింద ఉండే ట్యాంకు ప్రధాన భాగం) అడుగుకు రంగు చేరదు.

ప్రైమర్‌ను ఒకేసారి కప్పేయకుండా రెండు మూడు పలుచని పొరలుగా వేయండి. మొదటి పొర ఆరగానే మోడల్‌ను దీపం కింద తిప్పి చూస్తే అతుకుల గీతలు, జిగురు మరకలు బయటపడతాయి. వాటిని సరిచేయడానికి ఇదే చివరి అవకాశం.

వర్షాకాలంలో, ముఖ్యంగా కోస్తా ప్రాంతాల్లో, గాలిలోని తేమ వల్ల లాకర్ ప్రైమర్లు, వార్నిష్‌లు తెల్లబారతాయి. వాన పడుతున్న రోజు స్ప్రే చేయవద్దు. దానికి భిన్నంగా ఏప్రిల్, మే నెలల ఎండలో ఆక్రిలిక్ నాజిల్ కొన మీదే ఆరిపోతుంది. రంగులో ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలిపి, తెల్లవారుజామున పని పెట్టుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

## 4. మూల రంగు, షేడింగ్

చిన్న వస్తువు మీద పడే వెలుతురు పెద్ద ట్యాంకు మీద పడే ఎండలాంటి నీడలను సృష్టించలేదు. ఆ నీడలను మనమే రంగుతో వేయాలి. అసలు ట్యాంకు రంగునే యథాతథంగా వేస్తే మోడల్ మరింత ముదురుగా కనబడుతుంది కాబట్టి మూల రంగును కొంచెం లేతగా తీసుకోవాలి.

4.1 నీడ పొర. ఆకుపచ్చలో నలుపు, ముదురు గోధుమ కలిపి హల్ కింది భాగం, ఫెండర్ల (ట్రాక్‌ల పైనుండే మడ్‌గార్డుల) అడుగు, టరెట్ కింది వంపు, పక్కనున్న ఇంధన పీపాల వెనుక, ఇంజను పైకప్పు జాలీల లోపల వేయండి.

4.2 మూల రంగు. తామియా రంగులైతే సగానికి సగం థిన్నర్ కలిపి, 15 నుంచి 20 పిఎస్‌ఐ ఒత్తిడిలో, నీడ ఉన్న చోట్లను పూర్తిగా కప్పకుండా వేయండి.

4.3 లేత పొరలు. మూల రంగులో బఫ్ లేదా ముదురు పసుపు కొద్దికొద్దిగా కలుపుతూ, పైకి చూసే ఉపరితలాల మధ్యభాగంలో వేయండి. తెలుపు కలపవద్దు, ఆకుపచ్చ సుద్దలాగా పాలిపోతుంది. ఈ దశలో రంగు మూడు పాళ్లకు థిన్నర్ ఏడు పాళ్లు ఉండాలి, ఒత్తిడి 10 నుంచి 12 పిఎస్‌ఐకి తగ్గించాలి, ఎయిర్‌బ్రష్‌ను 2 నుంచి 3 సెం.మీ. దూరంలో పట్టుకోవాలి.

4.4 ఒక్కొక్క పలక. టి-34 ముందు వాలు పలక పై అంచు వైపు లేతగా, కింది అంచు వైపు ముదురుగా మారుతూ రావాలి. పోత పోసిన టరెట్‌కు పలకలు లేవు కాబట్టి పైభాగం నుంచి కిందికి మెల్లగా ముదరాలి. డ్రైవర్ తలుపు, టరెట్ మూతలు, పనిముట్ల పెట్టె వంటివాటిని కాగితంతో చుట్టూ మరుగుపరచి పక్క పలక కంటే ఒక మెట్టు లేతగా వేస్తే ప్రతి భాగం విడిగా కనబడుతుంది.

ఈ దశలో తేడా అవసరమైనదానికంటే ఎక్కువగా కనబడాలి. తరువాతి వాష్‌లు, దుమ్ము ఆ తేడాను దాదాపు సగానికి తగ్గిస్తాయి. ప్రతి అతుకు వెంట నల్లగీత వేసి పైన మూల రంగు చల్లే పద్ధతిని ఈ ట్యాంకుకు నేను సిఫారసు చేయను. అది పలకలన్నిటినీ ఒకే గళ్ల నమూనాగా మార్చి, వెలుతురు ఎటునుంచి వస్తున్నదో చెప్పకుండా పోతుంది.

ఎయిర్‌బ్రష్ లేనివారు డబ్బా స్ప్రేతో సమంగా ఆకుపచ్చ వేసి, ఈ తేడాలన్నిటినీ 8వ దశలోని ఆయిల్ రంగులతో తెచ్చుకోవచ్చు. ఆలస్యమవుతుంది గాని ఫలితం తక్కువేమీ కాదు.

## 5. నంబర్లు

నంబర్లు అతికించే చోట గ్లాస్ వార్నిష్ వేసి ఆరనివ్వండి. గరుకు ఉపరితలం మీద డీకాల్ (నీటిలో తడిపి అతికించే నంబరు పొర) కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. అతికించాక మెత్తబరిచే ద్రవంతో టరెట్ గరుకుదనంలోకి కూర్చోబెట్టి, ఆరిన తరువాత మొత్తం మోడల్‌కు శాటిన్ వార్నిష్ వేసి ఒక రోజు వదిలేయండి.

## 6. చిప్పింగ్: రంగు ఎక్కడ, ఎందుకు ఊడుతుంది?

కుంచె ముట్టుకునే ముందు మనుషులు ఎక్కడ కాలు పెట్టి ఎక్కారో ఆలోచించండి. టి-34 మీద పదాతి సైనికులు కూర్చుని ప్రయాణించేవారు. అందుకే ఇంజను పైకప్పు, టరెట్ పక్కనున్న పట్టుకొనే కడ్డీల చుట్టూ, ఫెండర్ల అంచులు, మూతల అంచులు ఎక్కువగా అరుగుతాయి. టరెట్ వెనుక భాగం మధ్యలో, ముందు పలక నడిమిలో పెచ్చులు ఊడటానికి కారణమేమీ కనబడదు, అక్కడ వేయకండి.

6.1 ముందు మూల రంగును బఫ్‌తో బాగా లేత చేసి, సన్న కుంచెతో గీతలు, చిన్న పెచ్చులు వేయండి. ఇవి పైపొర మాత్రమే గీరుకున్న చోట్లు.

6.2 స్పాంజి ముక్కను ముదురు గోధుమలో ముంచి, కాగితం మీద దాదాపు మొత్తం తుడిచివేసి, అంచుల మీద తేలికగా తాకించండి. స్పాంజి ఒకే వైపును పదేపదే వాడితే ఒకే ఆకారం అచ్చు గుద్దినట్టు వస్తుంది కాబట్టి దాన్ని తిప్పుతూ ఉండండి.

6.3 పెద్ద లేత పెచ్చుల లోపల ముదురు గోధుమను కుంచెతో నింపండి. పై, పక్క అంచుల్లో సన్నని లేత గీత మిగిలితే రంగు పొర మందం కనబడుతుంది.

వెండి రంగును పెచ్చులకు వాడవద్దు. ఊడిన చోట ఉక్కు కొద్ది రోజుల్లోనే గోధుమ, నలుపు రంగులకు మారుతుంది. ఎప్పుడూ చేతులు, బూట్లు రాసుకునే మూత అంచుల మీద మాత్రం మెత్తని పెన్సిల్ గ్రాఫైట్‌ను వేలితో రుద్దితే సహజమైన మెరుపు వస్తుంది.

శీతాకాలపు తెల్లసున్నం కావాలంటే హెయిర్‌స్ప్రే పద్ధతి వేరు: 5వ దశలోని శాటిన్ మీద హెయిర్‌స్ప్రే రెండు పలుచని పొరలు, ఆరాక నీటితో పలుచన చేసిన తెల్ల ఆక్రిలిక్. అది ఆరిన గంటలోపే తడి కుంచెతో రుద్ది లేపాలి. లాకర్ థిన్నర్‌తో కలిపిన తెలుపు గట్టిపడి లేవదు.

## 7. ఫిల్టర్, వాష్

చిప్పింగ్ మీద పలుచని శాటిన్ పొర వేసి ఒక రోజు ఆరనివ్వండి.

ఫిల్టర్ అంటే చాలా పలుచని రంగునీరు. ఆకుపచ్చ మీద ఎల్లో ఓకర్ ఫిల్టర్ నీడ, లేత పొరలను కలుపుతుంది. ఒక పాలు రంగుకు ఇరవై పాళ్లకు పైగా వైట్ స్పిరిట్ తీసుకుని, కుంచెను తుడిచి, ఉపరితలం తడిసీ తడవనట్టు పూయండి. మడుగు కట్టకూడదు.

వాష్ మాత్రం అంతటా పూసేది కాదు. బర్న్‌ట్ అంబర్‌లో కొంచెం నలుపు కలిపి, దాదాపు పది పాళ్ల వైట్ స్పిరిట్‌తో పలుచటి టీ డికాక్షన్ చిక్కదనానికి తీసుకురండి. స్వచ్ఛమైన నలుపు ఆకుపచ్చ మీద గీసిన బొమ్మలాగా కనబడుతుంది.

7.1 ముందుగా ఆ పలకను ఉత్త వైట్ స్పిరిట్‌తో కొద్దిగా తడపండి.

7.2 సన్న కుంచె కొనను బోల్టు మొదట్లో, వెల్డింగ్ గీత మీద, మూత చుట్టూ ఉన్న సందులో తాకించండి. శాటిన్ నునుపు వల్ల రంగు తనంతట తాను సందులోకి పాకుతుంది; మీరు గీయనక్కరలేదు.

7.3 పదిహేను నుంచి ముప్పై నిమిషాల తరువాత, వైట్ స్పిరిట్‌లో ముంచి బాగా తుడిచిన చదును కుంచెతో అదనపు రంగును లాగేయండి. నిలువు పలకల మీద పైనుంచి కిందికి మాత్రమే లాగాలి, వాన నీరు జారేది అటే కాబట్టి.

మరచిపోకుండా చూడవలసిన చోట్లు: డ్రైవర్ తలుపు కీళ్లు, ముందు మెషీన్‌గన్ గుండ్రని అమరిక, టరెట్ పోత అతుకు, ఇంధన పీపాల పట్టీలు, ఇంజను పైకప్పు బోల్టులు, వెనుక పలకలోని గుండ్రని మూత.

హల్ లోపలికి వైట్ స్పిరిట్ కారి నిలిచిపోతే, ఒత్తిడిలో ఉన్న అతుకుల దగ్గర ప్లాస్టిక్ పగులుతుంది. చక్రాల ఇరుసుల వద్ద ఇది తరచుగా జరుగుతుంది. అక్కడ వాష్ తక్కువ వాడి, అదనపు తడిని టిష్యూ కాగితంతో వెంటనే అద్దండి.

## 8. ఆయిల్ చుక్కలు, జారిన మరకలు

మొత్తం పనిలో అత్యధిక సమయం ఇవ్వదగిన దశ ఇది. ఒకే ఆకుపచ్చకు జీవం ఇక్కడే వస్తుంది.

ఆయిల్ రంగులను అట్టముక్క మీద పిండి అరగంటకు పైగా ఉంచండి. అట్ట నూనెను పీల్చుకుంటుంది, రంగు తొందరగా, మెరుపు లేకుండా ఆరుతుంది.

8.1 ఒక్కొక్క పలకనే తీసుకోండి. దాన్ని వైట్ స్పిరిట్‌తో తడిపి, పై అంచు వైపు ఎల్లో ఓకర్, తెలుపు, కింది వైపు రా అంబర్, బర్న్‌ట్ అంబర్ చుక్కలు గుండుసూది తలంత పెట్టండి.

8.2 దాదాపు పొడిగా ఉన్న కుంచెతో, నిలువు పలక మీద కిందికి లాగుతూ, అడ్డ పలక మీద చిన్నగా తడుతూ, చుక్క ఆకారం పోయేంతవరకు కలపండి. కుంచెను పదేపదే తుడవండి. తడి ఎక్కువైతే రంగంతా కొట్టుకుపోతుంది.

8.3 జారిన మరకల కోసం బోల్టు లేదా పెచ్చు కింద సన్న గీత ఒకటి నిలువుగా గీసి, కొన్ని నిమిషాలాగి, రెండు పక్కల నుంచీ కుంచెతో సన్నబరచండి. తుప్పు మరకకు బర్న్‌ట్ సియెన్నా చాలు, అది కూడా రెండు మూడు చోట్లే. వాలు పలకల మీద మరక కూడా వాలు దిశలోనే జారాలి.

ఆయిల్ పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. తొందరపడి వార్నిష్ వేయకండి. ఆరిన తరువాత మొత్తానికి మ్యాట్ వార్నిష్ వేయండి.

## 9. చక్రాలు, ట్రాక్‌లు

ట్రాక్‌లను ముదురు గోధుమ బూడిద రంగులో వేసి, ముదురు వాష్ ఇవ్వండి. టి-34 ట్రాక్‌లు మాంగనీస్ ఉక్కువి. నడిచే ట్యాంకుకు ఎర్రని తుప్పు నిలవదు. నేలను తాకే గాట్లు, లోపలి వైపు చక్రాలు దొర్లే రెండు దారులు, మధ్యలోని కొమ్ముల పక్కలు రాపిడి వల్ల మెరుస్తాయి. వెనుకనున్న నడిపే చక్రం తన రోలర్లతో ఆ కొమ్ములనే పట్టుకుని లాగుతుంది కాబట్టి వాటి మెరుపును వదలకూడదు. దీనికి గ్రాఫైట్ పొడి లేదా ముదురు ఉక్కు రంగు డ్రై బ్రష్ (రంగు తుడిచేసిన, దాదాపు పొడి కుంచెతో రుద్దడం) వాడండి.

చక్రాల రబ్బరును స్వచ్ఛమైన నలుపు కాక ముదురు బూడిద రంగులో వేయండి.

## 10. దుమ్ము, బురద

కింది నుంచి పైకి, ముదురు నుంచి లేతకు వెళ్లండి. అన్నిటికంటే చిక్కని బురద హల్ పక్కన చక్రాల వెనుక, ఫెండర్ల అడుగున, ట్రాక్‌లు విసిరే వెనుక పలక మీద ఉంటుంది.

10.1 ముదురు పిగ్మెంట్‌లో కొంచెం ప్లాస్టర్ పొడి, ఆక్రిలిక్ రెసిన్ కలిపి చిక్కని ముద్ద చేసి, ఆ చోట్ల పాత కుంచెతో పొడుస్తూ పెట్టండి.

10.2 అదే మిశ్రమాన్ని పలుచన చేసి, కుంచెకు అద్ది, ఎయిర్‌బ్రష్ గాలిని దాని మీదికి వదలి చిమ్మండి. ముందు తెల్లకాగితం మీద చిమ్మి చుక్కల పరిమాణం చూసుకోండి, 1 మి.మీ. చుక్క మూడున్నర సెంటీమీటర్ల బురద గడ్డ అని గుర్తుంచుకోండి.

10.3 పైభాగాలకు లేత పిగ్మెంట్‌ను పొడిగా మూలల్లో, పీపాల వెనుక, మూతల చుట్టూ పెట్టి, వైట్ స్పిరిట్ నిండిన కుంచెను పక్కన తాకించండి. ద్రవం తానే పాకి పొడిని తడుపుతుంది. కుంచెతో రాస్తే గీతలు పడతాయి.

10.4 తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనబడిన పొడి ఆరాక బాగా లేతగా మారుతుంది. పూర్తిగా ఆరేవరకు రెండవ పూత వేయకండి.

పిగ్మెంట్ మీద మ్యాట్ వార్నిష్ చల్లితే రంగు చాలావరకు మాయమవుతుంది. అందుకే వార్నిష్ దీనికి ముందే పూర్తి కావాలి.

## 11. మసి, డీజిల్

వెనుక పలకలోని రెండు పొగగొట్టాల నోళ్ల చుట్టూ నల్ల పిగ్మెంట్‌ను పొడి కుంచెతో అద్దండి. గొట్టాల మీద తుప్పు గోధుమ రంగులు ఉండవచ్చు. ఇంధన పీపాల మూతల కింద బర్న్‌ట్ అంబర్, నలుపులో గ్లాస్ వార్నిష్ కలిపి ఒక పాత మరక పలుచగా, దాని మీద కొత్త మరక సన్నగా, మెరుస్తూ వేయండి. మొత్తం మ్యాట్‌గా ఉన్న మోడల్ మీద ఆ చిన్న మెరుపు కంటిని పట్టుకుంటుంది కాబట్టి రెండు చోట్లకు మించవద్దు.

## 12. పొరపాట్లు, దిద్దుబాట్లు

- వాష్ పలకంతా మరకలుగా పరచుకుంది: ఉపరితలం గరుకుగా ఉండటమే కారణం. వైట్ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక శాటిన్ వేసి మళ్లీ మొదలుపెట్టండి.
- మ్యాట్ వార్నిష్ తెల్లబారింది: పొడిగా ఉన్న రోజు చూసి పలుచని గ్లాస్ వార్నిష్ వేస్తే చాలాసార్లు తెలుపు పోతుంది. ఆ తరువాత మళ్లీ మ్యాట్ వేయండి.
- పెచ్చులు ఎక్కువయ్యాయి: మూల రంగును సన్న కుంచెతో పెచ్చు అంచుల మీద వేసి పరిమాణం తగ్గించండి. మొత్తం చెరిపివేయకండి, సగం మూసిన పెచ్చు మరింత సహజంగా ఉంటుంది.
- రంగులన్నీ ఒకే మురికి గోధుమలోకి కలిసిపోయాయి: లేత ఆకుపచ్చ ఆయిల్ రంగును పలకల పై అంచులకు, మూతల మధ్యకు వేసి, 8వ దశలాగే కలపండి.
- బురద ఎక్కువైంది: రెసిన్ కలపని పిగ్మెంట్ అయితే వైట్ స్పిరిట్ తడిపిన కుంచెతో, మూలల్లోనైతే దూది పుల్లతో లేపేయవచ్చు. రెసిన్ కలిపి గట్టిపడినదాన్ని గీరవద్దు. దాని మీద వేరే మట్టి రంగు పొడి వేసి, తడి బురద మీద ఎండిన దుమ్ము చేరినట్టుగా మార్చండి.